కంబళి అంచు తలవైపు

పోయిన నెలలో మా వదిన లచ్చుమక్క ఇంటికి సున్నం కొట్టిస్తా ఉంటే సామాను బయట పెట్టేదానికి నన్ను పిలిపించింది. ఆ యమ్మకు మోకాళ్లు లేవు, నాకు చూపు సరిగ్గా ఆనదు, ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతాదని మా వీధిలో ఎగతాళి. పెట్టె మొయ్యలేక ఉన్నచోటే తెరిచి ఒక్కొక్కటే తీస్తిని. అడుగున మడతేసిన నల్ల కంబళి ఉండాది. మా నాయిన నేసింది. చేత్తో తాకితేనే నాకు తెలిసింది ఏ కంబళో. మా అన్న ఈరన్న చచ్చిపోయిన దినం గుర్రం వీపు మీద, జీను కింద వేసిన కంబళి. ఇన్నేండ్లలో వదిన దాన్ని నా ముందర బయటికి తియ్యలేదు, నేనూ అడగలేదు. "దాన్ని ఎలకలు కొట్టినాయి, ఎండలో వెయ్యి పో" అనింది వదిన. వాకిట్లో తీగ మీద పరిస్తిని. మూడు బొక్కలు. ఒక్కొక్కటీ అరచెయ్యంత, గుండ్రంగా, అంచులు తేటగా. ఎలక పన్ను అట్ల కొయ్యదు. కంబళికి ఎర్ర దారం అంచు ఏ పక్క ఉండాదో చూసినా, బొక్కలు ఏ పక్క ఉండాయో చూసినా, మడత ఎట్లా వస్తాదో మనసులో వేసుకున్నా. గోడవారన కూలబడితిని. ఎండ తగిలిందా మే అని వదిన అడిగితే అవునంటిని. అది అబద్ధం. ఎందుకు అబద్ధమో చెప్పాలంటే గుర్రాల సంగతి చెప్పాల.

ఇప్పుడు తిరుమణి నుంచి క్యాతగానచెర్లు దారిలో పోతే రెండు పక్కలా సోలార్ అద్దాలే. కంచె, కంచె లోపల అద్దాలు, మళ్లా కంచె. మధ్యాన్నం దగ్గరికి పోతే ఇనప పెట్టెల్లోంచి గుయ్యిమని ఒకటే మోత, తేనెటీగలు రేగబోయే ముందర వచ్చే మోత మాదిరి. నా మనవరాలు ఆడికే అద్దాలు కడిగే పనికి పోతాది. ఒక తావున అద్దాల కింద నేల పళ్లెం మాదిరి చదునుగా ఉండాది అవ్వా, మిగతాదంతా మిట్టపల్లాలే అని ఒకసారి చెప్పింది. ఆ చదును కంపెనీవాళ్లు చేసింది కాదు. మా నాయిన, మా అన్న, ఇంకో పదిమంది ఎద్దులు కట్టి గుంటకలు తోలి, రాళ్లేరి, నీళ్లు చల్లి చేసింది. గుర్రాల ఆట కోసం.

చేయించినాయన రిసాల్దారయ్య. గుర్రాల పటాలంలో కొలువు చేసి ఇంటికొచ్చినోడు. పెండ్లాం లేదు, పిల్లలు లేరు, ఉండేది ఆరేడు గుర్రాలూ రెండు వేటకుక్కలూ. బెంగళూరు పందేల్లో పనికిరాకపోయిన గుర్రాలను తోలుకొచ్చి ఈ ఆటకు అలవాటు చేసేటోడు. ఆటను ఆయన పోలో అనేటోడు, మేము చెండుకట్టె అనేవాళ్లం. గుర్రాల మీద కూసోని ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు, పొడుగాటి కట్టె సుత్తులతో వెదురుగడ్డ చెండును కొట్టుకుంటా పోవాల. ఆట విడతలు విడతలుగా సాగుతాది, విడతకొక గుర్రం మార్చాల, లేకుంటే గుర్రం ఊపిరి నిలవదు. చలికాలంలో పటాలం పడుచోళ్లు జీపులో దిగి మా వాళ్లతో ఆడేటోళ్లు. పొద్దున ఆట, సాయంత్రం కుక్కలను ఉసిగొల్పి కుందేళ్ల వెంట గుర్రాలు తోలడం. మావి గొర్రెల మందలు తోలే వంశాలు. కట్టె పట్టేది మాకు ఎవురూ నేర్పనక్కర్లేదు, గుర్రం మీద కూసునేది మాత్రం రిసాల్దారయ్య నేర్పినాడు. అందరికంటే బాగా నేర్చింది మా అన్న. గుర్రాలను సాకే పెద్ద సాయీసూ ఆయనే, ఆటగాడూ ఆయనే.

మా ఇల్లు లాయం వెనకనే. కోడి కూసేతలికి అమ్మా నేనూ ఉలవల కాగు కింద నిప్పు పెట్టేవాళ్లం. ఉలవలు ఉడికే వాసన మంగళవాడ దారిలో పోయేవాళ్లకు కూడా తగిలేది. ఉలవలు గుర్రాలకు, వంచిన కట్టు మాకు. దాంట్లోనే చింతపండు పిండి చారు కాచుకొని రాగిసంగటిలో పోసుకునేవాళ్లం. గుర్రం తిన్నదే మేము తాగినాం, దాంట్లో సిగ్గేమీ లేదు. ఆ వాసనలో ఇంకా రెండు కలిసుండేవి, గుర్రం చెమట, తోలు పట్టీలకు రాసే ఆముదం. ఇప్పటికీ ఎవురింట్లోనైనా ఉలవలు ఉడికితే నా వీపు చల్లబడతాది.

అన్నకు ఒక అలవాటు. తెల్లారి ప్రతి గుర్రాన్నీ కండ్లు మూసుకోని ఉత్త అరచేత్తో మెడ నుంచి తోక దాకా తడిమేటోడు. కండ్లు అబద్ధం చెప్తాయి, అరచెయ్యి చెప్పదు అనేటోడు. వడ్లగింజంత వాపున్నా ఆ పూట ఆ గుర్రం మీద జీను వెయ్యనిచ్చేటోడు కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు కాబట్టే ఇన్నేండ్లు నిద్ర పోయినా.

రిసాల్దారయ్యకు ఒకటే కట్టుబాటు. గుర్రం ఒంటి మీద కాల్చిన ఇనుము పెట్టినోడు సంసారంతో సహా లాయం దాటాల. మావాళ్లకు గొర్రెకు రోగమొచ్చినా, ఎద్దుకు కాలు పట్టినా, పిల్లకు పాలు అరక్కపోయినా వాత పెట్టడమే మందు. మేము ఆడికి వచ్చే ముందర ఒక ముసలి సాయీసు కడుపునొప్పి గుర్రానికి వాత పెట్టినాడంట. అదే పూట కుండలూ చట్లూ నెత్తిన పెట్టుకొని ఊరు దాటినారు ఆ ఇంటోళ్లు. అది అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అన్నకు పెండ్లయి నెల కాలేదు, అప్పుడొచ్చింది ఆ ఆడగుర్రం. పేరు మోతీ. ఎర్రది, పొడుగు కాళ్లది, చెవులు ఒక తావున నిలిచేవి కావు. లారీలోంచి దిగంగానే మా నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి ఎడమ పక్కన నిలబడిపోయినాడు. ఎద్దును కొనేటప్పుడు సుడులు చూసే కన్ను ఆయనది. వెన్నుకు ఎడమవైపు, సరిగ్గా జీను కూసునే చోట, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉండాయి. దాన్ని మావాళ్లు పాడెసుడి అంటారు. ఎక్కినోడిని పాడె ఎక్కిస్తాదని. నాయిన ఇంటికొచ్చి సంగటి ముట్టలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పినాడు. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయినాయి. కొత్తకోడలు నీళ్ల బిందెతో గడప తొక్కితే చాలు, అమ్మ ఆ పిల్ల కాళ్ల వైపు చూసేది.

అన్న మాత్రం నవ్వినాడు. "నా నెత్తిన రెండు సుడులుండాయి, రెండు పెండ్లిళ్లు అవుతాయి అంటిరి. ఒకటయ్యేతలికే నడుము విరిగింది. సుడులను నమ్మితే నేను ఇంకో పిల్లను యాడ తేవాల?" అన్నాడు. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకోని లోపలికి పోయింది. అమ్మ నవ్వలేదు.

గుర్రం మంచిదే. అది చెప్పకపోతే పాపం. చెండు యాడికి పోతాదో మనిషికంటే ముందు దానికి తెలిసేది. అన్న మోకాలు కదిలిస్తే తిరిగేది. చలికాలం ఆటకు మోతీని రెండు విడతల్లో దించుతామని రిసాల్దారయ్య చెప్పినంక అమ్మకు నిద్ర కరువైంది. చెండు తగిలి లాయం గోడకు ఒక పెంకు రాలినా, గద్ద వాకిట్లో కోడిపిల్లను ఎత్తుకపోయినా, అన్నీ ఆ సుడి మీదికే వేసేది. భయం ఇంట్లోకి వస్తే పొయ్యిలో పొగ మాదిరి, ఎవురి కండ్లనూ వదలదు. అప్పుడొక పొద్దు నాయిన మగ్గం గుంతలో కూసోని ఊరికే ఒక మాట అన్నాడు. ఎద్దుకు చెడ్డసుడి ఉంటే పెద్దోళ్లు దాని మీద వాత పెట్టేసేటోళ్లు, వెంట్రుక మళ్లా మొలవదు, సుడి లేకపోతే దోషమూ లేదు అని. నన్ను చెయ్యమని ఎవురూ చెప్పలేదు. ఆ సంగతి తేటగా రాస్తా ఉండా. ఎవురూ చెప్పలేదు.

ఆటకు ఎనిమిది దినాలుండాది. అన్న రెండు గుర్రాలకు లాడాలు కొట్టించే పని మీద పోయినాడు. ఎండ నెత్తి మీద ఉండాది, లాయంలో ఎవురూ లేరు. గొర్రెలకు ముద్ర వేసే ఇనుము మా ఇంట్లో ఉండేది, కాగు కింద నిప్పుల్లో పెడితిని. మోతీ నన్ను నమ్మిన గుర్రం, నా చేతి ఉలవలు తిన్న గుర్రం. కొంచెం బెల్లం పెడితే తల వంచింది. ఎడమ చేత్తో మెడ నిమురుతా కుడిచేత్తో సుడి మీద ఇనుము ఆనిస్తిని. అది అరవలేదు. ఒళ్లంతా ఒకసారి వణికింది, నా వైపు తిరిగి చూసింది, అంతే. పసుపూ ఆముదమూ రాస్తిని. కాలిన వెంట్రుకల వాసన పోవాలని లాయంలో సాంబ్రాణి వేస్తిని. దోమలకు అని చెప్తిని. నా అన్నను కాపాడినాననే అనుకున్నా. ఆ దినం నేను తిన్నంత సంగటి ఎప్పుడూ తినలేదు.

అన్న వచ్చినంక తిట్లు పడతాయని చూసినా. పడలేదు. తెల్లారి మామూలుగానే కండ్లు మూసుకోని తడిమినాడు, మోతీ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడినాడు, ఏమీ అనలేదు. ఆ దినం నుంచి మోతీ మాలీషు, జీను అన్నీ నేనే చూసుకుంటా, ఎవురూ ముట్టొద్దు అన్నాడు. మూడు నాలుగు దినాలు ఏదో సాకు చెప్పి దాని మీద ఎవురినీ ఎక్కనీలేదు. ఆయనకు కనబడలేదని నేను నమ్మితిని. వడ్లగింజంత వాపు పట్టే చేతికి అరచెయ్యంత వాత తెలీలేదని నమ్మితిని. నమ్మాలనుకున్నోళ్లు ఏదైనా నమ్ముతారు.

ఆట దినం గాలి లేదు. దుమ్ము లేచింది లేచినట్టే నిలబడిపోయేది. చుట్టుపక్కల ఊళ్ల జనం గట్టు మీద కూసున్నారు. వదిన కొత్తచీర కట్టుకోని ఆడోళ్ల మధ్య కూసునింది, అమ్మ రాలేదు. మొదటి విడత మోతీ మీద అన్న ఆడినట్టు ఎవురూ ఆడలేదు. జనం ఈలలు వేస్తా ఉంటే నా కడుపు నిండింది, సుడి పోయింది, దోషం పోయింది అనుకున్నా. విడత అయినంక అన్న దిగి కడుపు పట్టీ వదులు చేసి, పగ్గం నా చేతికిచ్చి, ఇంకో గుర్రం ఎక్కతా చెప్పినాడు. "ఊరికే నడిపించు పాపా. జీను మాత్రం తియ్యొద్దు. కంబళి కదిలించొద్దు."

చెమట ఆరేదాకా మోతీని నడిపిస్తా ఉండా. అప్పుడు చూసినా, జీను కింద కంబళి ఎర్ర అంచు తోక వైపు ఉండాది. మా ఇండ్లల్లో పసిబిడ్డకు కూడా తెలిసిన సంగతి, కంబళి అంచు ఎప్పుడూ తలవైపే ఉండాల. మనిషి కప్పుకున్నా, గుర్రానికి వేసినా. కాళ్ల వైపు అంచు వచ్చేది ఒక్క పీనుగుకే. నాయిన నేసిన కంబళి, అన్న అంత తెలిసినోడు, అట్లా ఎందుకు వేసినాడు? తొందర్లో తప్పు పడినాడనుకుంటిని. పాడెసుడి గుర్రం, దాని మీద పీనుగు మీద వేసినట్టు కంబళి. చెట్టు చాటుకు తోలకపోయి, జీను ఎత్తి పక్కన పెట్టి, మడత విప్పకుండానే కంబళిని అటుది ఇటు తిప్పి, అంచు మెడవైపుకు వచ్చేటట్టు వేసి, మళ్లా జీను కడితిని. పైమడత నున్నగా ఉండాది, అడుగున ఏముండాదో చూడలేదు. మోతీ చెవులు వెనక్కు అతుక్కుపోయినాయి. అలసట అనుకుంటిని.

అన్న వచ్చి రికాబులో కాలు పెట్టి ఎక్కినాడు. పగ్గం సర్దుకుంటా ఉంటే చేతి కింద ఎర్ర అంచు కనబడింది. "అంచు ఈ పక్కకు ఎట్లా వచ్చింది?" అన్నాడు.

"తలవైపు ఉండాల కదన్నా. నేనే తిప్పినా."

నా మొగం చూసినాడు. ఆడ రిసాల్దారయ్య ఈల ఊదినాడు, అందరూ బయల్లోకి దిగినారు, అన్న ఒక్కడే మిగిలినాడు. నేను ఏమేమి చేసినానో ఆ క్షణంలో ఆయనకు తెలిసింది. దిగి జీను విప్పితే అందరి ముందరా వాత బయటపడతాది, వాత బయటపడితే ఎవురు అని అడుగుతారు. ఇది నేను ఇప్పుడు రాస్తా ఉండా, అప్పుడు నాకు తెలీదు. "సరేలే పాపా" అన్నాడు. పోయినాడు.

పది బారలు బాగానే పోయింది. చెండు ఎడమకు మళ్లింది, అన్న ఎడమకు వంగినాడు, బరువంతా ఆ పక్కకు పడింది. మోతీ ముందరికాళ్లు ఎత్తి నిలబడింది, మెలి తిరిగింది, వెనక్కు పడింది. అన్న కింద ఉండాడు. ఇంతకంటే రాయను.

రిసాల్దారయ్యే జీను విప్పినాడు. వాత పచ్చిగా ఒలిచినట్టు ఉండాది. ఎవురు పెట్టినారని కేక వెయ్యలేదు, మెల్లగా అడిగినాడు. ఎవురూ పలకలేదు. నేనూ పలకలేదు. సుడి పగిలి నిప్పు కక్కింది అని గట్టు మీద ఎవురో అన్నారు, పొద్దు గూకేలోగా అది మూడు ఊళ్లకు పాకింది. మోతీని రాళ్లతో కొట్టబోయినారు, రిసాల్దారయ్య అడ్డం నిలబడినాడు. మోతీ మాదిరే ఇంకొకరికి కూడా పేరు పడింది. మా అమ్మ పీనుగు ముందర కూసోని, పాదం పెట్టింది, నా కొడుకును మింగింది అని వదినను చూపించి ఏడ్చింది. రెండు నెలల కోడలు. పద్దెనిమిదేండ్లు ఉంటాయో లేదో. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. అమ్మ కొంగు పట్టుకోని నేనూ ఏడ్చినా, ఆ ఏడుపులో నా మాట దాక్కుండిపోయింది. నెల తిరక్కముందే రిసాల్దారయ్య గుర్రాలను తోలుకోని పోయినాడు. పోతా పోతా మడత కదలకుండా ఆ కంబళిని వదిన చేతిలో పెట్టినాడు. ఆయనకు తెలుసేమో. అడిగేదానికి ఆయనా లేడు.

గుర్రాలు పోయినంక ఆ బయలు దున్ని చెనిక్కాయ వేసినారు. వానలు మొగం చాటేసినాక బీడు పెట్టినారు. తర్వాత అద్దాలొచ్చినాయి. ఇప్పుడు ఉలవల కాగూ లేదు, అంచు ఏ పక్క అని అడిగే పిల్లా లేదు. పిల్లలు కంబళే కప్పుకోరు. అయినా మొన్న మనవరాలు చెప్పింది, పనిలో ఒకడికి కరెంటు కొట్టినంక అద్దాల స్తంభానికి ఎవురో నిమ్మకాయా మిరపకాయలూ తడి దారంతో కట్టినారంట. అందరూ నవ్వినారంట. నేను నవ్వలేదు. ఆ దారాన్ని ఏ తీగకు చుట్టినారో చూసినావా, దాని దగ్గరికి పోవద్దు, పెద్దోళ్లకు చెప్పి తీయించు అన్నా. దెయ్యానికి నేను భయపడను. ఇంటోళ్లను కాపాడాలని చేసే పనికి చెయ్యి వణకదు, ఆ చేతికే భయపడతా.

సున్నం కొట్టిన మరుసటి దినం కంబళి చంకలో పెట్టుకోని వదిన దగ్గరికి పోతిని. చేటలో ఉలవలు ఏరుతా ఉండాది. ఎదురుగా కూసోని కంబళిని పాత మడత మీదనే మడిచి చూపిస్తిని. నాలుగు మడతలు. పైది నున్నగా, కింది మూడింటికీ ఒకే బొక్క. పుండు మీద బరువు పడకుండా సాయీసులు చేసే పని అది, అన్న చేసినాడు. అంచు తోకవైపు ఉంటేనే ఆ బొక్క వాత మీదికి వస్తాది, తిప్పితే కుడిపక్కకు పోతాది. వాత పెట్టింది నేను, తిప్పింది నేను అని చెప్తిని. అంతా చెప్పేదాకా వదిన చేట కింద పెట్టలేదు.

చానాసేపు రాళ్లేరింది. తర్వాత అనింది, "మీ అమ్మ ముందర నేను ఒక్క పూట కూసోని అన్నం తినలేదు సిద్దమ్మా. గోడవైపు తిరిగి తిన్నా. ఆ యమ్మ పోయేదాకా."

చేట కింద పెట్టింది.

"పాదం పాదం అన్నోళ్లు ఎవురుండారు ఇప్పుడు? పద, పోయి చెప్తాం."

వేళ్లు ముడుస్తా ఒక్కొక్క ఇల్లూ తలుచుకుంటిని. ఒక్కరూ లేరు. "ఎవురూ లేరు వదినా" అంటిని.

"అయితే రాయి. ముసలితనంలో అక్షరాలు నేర్చినావు కదా, దేనికి? నీ పేరు పెట్టి రాయి. ఆ గుర్రం తప్పేమీ లేదని అది కూడా రాయి." చేట ఎత్తి చెరగడం మొదలుపెట్టింది. నేను లేచి గడప దాటతా ఉంటే వెనక నుంచి, "కంబళి తీసకపో. ఇన్నేండ్లు నేను మోసినా" అనింది. ఆ తర్వాత ఆ యమ్మ నన్ను పిలవలేదు. మా వీధిలో ఎగతాళి కూడా ఆగిపోయింది.

కంబళి నా మంచం మీద ఉండాది. అంచు ఏ పక్కకు వస్తే ఆ పక్కకు కప్పుకుంటా ఉండా. బొక్కలు కుట్టలేదు. అప్పుడప్పుడు పాత మడత మీద మడిచి చెయ్యి దూరుస్తా. మూడూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకంత తేడా లేకుండా వస్తాయి. కంబళి కొయ్యడం కష్టం, దారాలు పీక్కొస్తాయి, మూడు మడతలంటే ఇంకా కష్టం. ఒక్క పోగు పీకలేదు. అన్న చెయ్యి వణకలేదు.